మానవరహిత జెట్ విమాన నమూనా: ఇంజన్‌ను ముందు ఎంచుకుని చివర బిగించే పద్ధతి

కాలేజీల్లో ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో ఏటా కొందరు విద్యార్థులు బెంగళూరు పీణ్యలోని మా షెడ్డుకు వచ్చి, "సార్, పైలట్ లేని ఫైటర్ జెట్ చెయ్యాలనుకుంటున్నాం, ఇంజన్ ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతారు. అనంతపురం, కర్నూలు, చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న పిల్లలే వారిలో ఎక్కువ. వారికి నేను చెప్పే జవాబు రెండు ముక్కలు. ఏ ఇంజన్ వాడతారో మొదటి రోజే తేల్చుకోవాలి. దాన్ని విమానంలో బిగించడం మాత్రం చిట్టచివరి పనిగా పెట్టుకోవాలి. ఈ రెండింటి మధ్య దాదాపు ఏడాది పని ఉంటుంది, ఆ ఏడాదిలో ఏమేం చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇది ఆకారంలోనూ ఎగిరే తీరులోనూ యుద్ధవిమానాన్ని పోలిన, 10 కిలోల బరువుండే, ఆయుధమేదీ లేని ప్రయోగ విమానం గురించి మాత్రమే. ఆయుధాల సంగతి రక్షణ శాఖ చూసుకుంటుంది, విద్యార్థి బృందం దాని జోలికి పోకూడదు.

నా జవాబులోని రెండు ముక్కలూ ఈ ఊరు ఎప్పుడో నేర్చుకున్నవే. పాత విమానాశ్రయం రోడ్డు మీద ఉన్న హెచ్.ఏ.ఎల్. (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) మ్యూజియంలో మారుత్ యుద్ధవిమానాన్ని చూడవచ్చు. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ నాయకత్వంలో ఇక్కడే రూపుదిద్దుకున్న ఆ విమానం 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. అయితే అంతకు రెండేళ్ళ ముందే, 1959లో, అదే కొలతలతో ఇంజన్ లేని కొయ్య గ్లైడర్‌ను చేసి, డకోటా విమానంతో పైకి లాగించి వదిలి, దాని నడత ఎలా ఉందో చూశారు. ఆ జాగ్రత్త ఫలించింది. మరోవైపు, ఏ ఇంజన్‌ను మనసులో పెట్టుకుని ఆ విమానాన్ని గీశారో ఆ ఇంజన్ తయారీయే మధ్యలో ఆగిపోయింది. దాంతో మారుత్ తక్కువ బలమున్న రెండు ఆర్ఫియస్ ఇంజన్లతోనే చివరిదాకా సరిపెట్టుకుంది, ధ్వనివేగానికి రెండింతలు పోవాలన్న లక్ష్యం కాగితం మీదే మిగిలింది. కుర్ట్ టాంక్ అంతటివాడికే తప్పని ఇబ్బంది కనుక, చేతికి అందని ఇంజన్‌ను నమ్ముకుని విమానం గీయవద్దని పిల్లలకు మరీ మరీ చెబుతుంటాను.

ముందుగా అనుమతుల విషయం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 2 కిలోలకు మించి 25 కిలోల లోపు ఉన్నవి చిన్న తరగతి కిందికి వస్తాయి. గుర్తింపు పొందిన విద్యాసంస్థలు పరిశోధన కోసం ఎగురవేసే వాటికి టైప్ సర్టిఫికెట్, గుర్తింపు సంఖ్య, రిమోట్ పైలట్ లైసెన్సు అక్కరలేదు. అయితే ఆ ఎగరడం ముందస్తు అనుమతి అక్కరలేని గ్రీన్ జోన్‌లో, సంస్థ సొంత ఆవరణలో గానీ దాని అధీనంలో ఉన్న బహిరంగ స్థలంలో గానీ జరగాలి, ఎత్తు 120 మీటర్లు దాటకూడదు. దేవనహళ్ళి, హెచ్.ఏ.ఎల్., యలహంక, జక్కూరు అనే నాలుగు విమాన క్షేత్రాలు చుట్టూ ఉన్న బెంగళూరు నగరంలో జెట్ ఎగురవేయాలన్న ఆలోచన మానుకోవడమే మంచిది. మేము గౌరిబిదనూరు దాటాక ఒక రైతు పొలం కౌలుకు తీసుకుని, అందులో విమానం లేచి దిగడానికి తారు పట్టీ వేసుకున్నాం. ఎక్కడ స్థలం చూసినా, బయానా ఇచ్చే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోవాలి.

అంకెలు కుదరనిదే బొమ్మ గీయవద్దు

పది కిలోల థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఇచ్చే చిన్న టర్బైన్ ఇంజన్ బరువు కిలోకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అది నిమిషానికి దాదాపు లక్షన్నర చుట్లు తిరుగుతుంది, పూర్తి థ్రాటిల్‌లో నిమిషానికి 400 మిల్లీలీటర్లకు కొంచెం తక్కువ ఇంధనం తాగుతుంది. కాగితం మీద కనిపించే ఆ పది కిలోలు సముద్రమట్టంలో, చల్లటి గాలిలో కొలిచినవి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ 30 డిగ్రీల ఎండలో ఘనమీటరు గాలి 1.04 కిలోలే తూగుతుంది, ప్రమాణ విలువ మాత్రం 1.225. అంటే గాలి 15 శాతం పలుచన, థ్రస్టూ ఇంచుమించు అంతే తగ్గుతుంది. ఇన్‌టేక్‌లో, అంటే ఇంజన్ గాలి పీల్చుకునే ద్వారంలో, జరిగే నష్టాలు కూడా తీసేస్తే చేతికి వచ్చేది 8 కిలోలు. పది కిలోల విమానానికి అది ధారాళంగా చాలు.

పలుచని గాలి దెబ్బ అసలు తగిలేది దిగేటప్పుడు. రెక్క వైశాల్యం 0.6 చదరపు మీటర్లు, రెక్క ఎంత బరువు ఎత్తగలదో చెప్పే గరిష్ఠ లిఫ్ట్ గుణకం 1 అనుకుంటే, ఈ విమానం స్టాల్ అయ్యే, అంటే గాలి మీద పట్టు తప్పి జారిపోయే, వేగం సెకనుకు 17.7 మీటర్లు వస్తుంది. దానికి 1.3 రెట్లు, అంటే సెకనుకు 23 మీటర్లు, గంటకు 83 కిలోమీటర్ల వేగంతో నేలకు చేరువ కావాలి. పైకి లేవడానికి 60 మీటర్ల పట్టీ సరిపోతుంది. కానీ ఆ వేగంతో నేలను తాకిన విమానం చిన్న బ్రేకులతో ఆగడానికి 180 మీటర్లు పరుగెడుతుంది. కాబట్టి రెక్క వైశాల్యాన్ని నిర్ణయించేది మీ దగ్గరున్న పట్టీ పొడవే. ఇక్కడి ఎ.డి.ఇ. సంస్థ రూపొందించిన లక్ష్య అనే జెట్ టార్గెట్ విమానం ఈ చిక్కును మరోలా తప్పించుకుంది. అది రాకెట్ బూస్టర్ ఊతంతో లేచి, పారాచూట్‌తో దిగుతుంది, కాబట్టి దానికి చక్రాలతో పనే లేదు. విద్యార్థులకు మాత్రం చక్రాలే మంచివని నా అభిప్రాయం, ఎందుకంటే పారాచూట్ తెరుచుకోకపోతే అన్నీ ఒక్కసారే పోతాయి.

తర్వాత బరువుల చిట్టా రాయాలి. మా చిట్టాలో విమాన దేహానికి 4 కిలోలు, ఇంజనుకూ దాని బిగింపుకూ పొగగొట్టానికీ కలిపి 1.6, ఇంధనానికి 2, చక్రాలకూ కాళ్ళకూ 0.9, సర్వోలు (రెక్క, తోక పలకలను కదిలించే చిన్న మోటార్లు), బ్యాటరీలు, ఆటోపైలట్ అన్నింటికీ 1.2, చేతిలో మిగులుగా 0.3 కిలోలు కేటాయించాం. ఈ చిట్టా గోడకు అంటించి ఉండాలి. ఏ ముక్క తయారైనా తూకం వేసి, అనుకున్న బరువు పక్కన అసలు బరువు రాయాలి. మిగులు 0.3 కిలోలు మొదటి రెండు నెలల్లోనే కరిగిపోవడం నేను చూడని బృందం లేదు. జిగురు, రంగు, వైర్లు పెంచినంత బరువు మరేదీ పెంచదు.

ఆకారం విషయంలో పిల్లల మనసు తోక లేని ఎగిరే రెక్క మీదకు పోతుంది. డి.ఆర్.డి.ఓ. వారి అటువంటి ప్రయోగ విమానం 2022 జూలై 1న చిత్రదుర్గ పరీక్షా క్షేత్రంలో తనంతట తానే లేచి, తిరిగి, దిగిన తర్వాత ఆ మోజు మరింత పెరిగింది. దాని వెనుక నియంత్రణ శాస్త్రంలో తలపండిన పెద్ద బృందం ఉంది. మొదటి నమూనాకు కాస్త వెనక్కి వాలిన రెక్క, విడిగా తోక ఉన్న ఆకారమే ఎంచుకోండి. 1.4 మీటర్ల రెక్కల విస్తారానికి సగటు కార్డ్, అంటే రెక్క ముందు అంచు నుంచి వెనుక అంచు దాకా ఉండే వెడల్పు, 43 సెంటీమీటర్లు వస్తుంది. తోక 80 సెంటీమీటర్ల వెనుక ఉంటే, దాని వైశాల్యం రెక్కలో నాలుగో వంతు దాకా ఉంచితే నిలకడ బాగుంటుంది. ఓపెన్‌వీఎస్‌పీలో ఆకారం గీసుకుని, ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5లో నిలకడ లెక్క చూసుకుంటే చాలు, రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే. ఈ దశలో నెలల తరబడి సీఎఫ్‌డీ (గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం) నడపడం కాలయాపన, ఒక్క ఇన్‌టేక్ విషయంలో తప్ప. యుద్ధవిమానం పోలిక కోసం ఇన్‌టేక్ అంచును కత్తిలా పదునుగా చేస్తే, విమానం నిలబడి ఉన్నప్పుడు లోపలికి పీల్చుకునే గాలి ఆ అంచు దగ్గర విడిపోయి ఇంజనుకు సరిగ్గా అందదు. అంచును గుండ్రంగా తీర్చండి, పోలిక కొంచెం చెడినా నష్టం లేదు.

ఇంధన ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది అన్నింటికంటే ముఖ్యమైన నిర్ణయం. రెండు కిలోల ఇంధనం పది కిలోల విమానంలో అయిదో వంతు. ట్యాంకు మధ్యభాగం గరిమనాభికి, అంటే విమానం బరువంతా తూగే బిందువుకు, 10 సెంటీమీటర్లు ముందుకు ఉందనుకోండి. ఇంధనం అయిపోయేసరికి గరిమనాభి రెండున్నర సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది, అది సగటు కార్డ్‌లో దాదాపు 6 శాతం. నిలకడ పోయే చోటుకు గరిమనాభి ఎంత ముందు ఉందో చెప్పే నిలకడ మిగులు మనం ఉంచుకునేది 8 నుంచి 10 శాతమే. అంటే ఎగిరేటప్పుడు బుద్ధిగా ఉన్న విమానం, సరిగ్గా దిగే సమయానికి ముక్కు ఎగరేస్తూ చేతికి దొరకకుండా పోతుంది. కాబట్టి ట్యాంకును గరిమనాభి మీదే పెట్టి, మిగతా సామానును దాని చుట్టూ సర్దుకోవాలి.

ఇంజన్ లేకుండా ఎగరడం

మొదటి నమూనా సగం కొలతల గ్లైడర్. ఎక్స్‌పీఎస్ ఫోమ్ పలకలను వేడి తీగతో కోసి, పైన పలుచని గ్లాస్ ఫైబర్ బట్ట అంటిస్తే వారంలో తయారవుతుంది. ఇక్కడ విద్యార్థులు చేసే పొరపాటు ఒకటుంది: గ్లైడర్ ఎంత తేలికైతే అంత మంచిదనుకుంటారు. కొలతలు సగమైతే బరువు ఎనిమిదో వంతు, అంటే కచ్చితంగా 1.25 కిలోలు ఉండాలి. అప్పుడే దాని వేగం పెద్ద విమాన వేగంలో 0.7 వంతు వస్తుంది, దాని నడత పెద్దదాని నడతకు అద్దం పడుతుంది. తేలికైతే సీసం ముక్కలు వేసి తూకం సరిచేయండి. ఇది సెకనుకు 12.5 మీటర్ల వేగంలోనే స్టాల్ అవుతుంది కనుక చేత్తో విసిరితే నేలకే తగులుతుంది. నేలలో మేకు దిగ్గొట్టి, రబ్బరు తాడుతో లాగి వదలాలి.

గ్లైడర్‌ను అడగవలసిన ప్రశ్న ఒక్కటే: గరిమనాభి ఎక్కడ ఉంటే నిలకడగా ఎగురుతుంది? ముందు వైపు మొదలుపెట్టి, ఒక్కోసారి అయిదేసి మిల్లీమీటర్లు వెనక్కి జరుపుతూ, ప్రతిసారీ ఏం జరిగిందో రాసుకుంటూ పోవాలి. ముక్కు పైకీ కిందికీ ఊగడం మొదలైన చోటు లెక్కలో వచ్చిన చోటుకు దగ్గరగా ఉంటే, మీ లెక్కను ఇకపై నమ్మవచ్చు.

ఆ తర్వాత అసలు కొలతల దేహం. పక్కటెముకలకూ బల్క్‌హెడ్‌లకూ (దేహంలోని అడ్డు పలకలకూ) లేజర్‌తో కోసిన ప్లైవుడ్, రెక్క వెన్నుకు కార్బన్ ఫైబర్ గొట్టం, పైపొరకు గ్లాస్ ఫైబర్ వాడితే సరిపోతుంది. లేజర్ కోతకూ, చిన్న అల్యూమినియం ముక్కలు తరిమెన పట్టించడానికీ పీణ్యలో కొదవ లేదు. వైర్లూ కనెక్టర్లూ ఎస్.పి. రోడ్డులో దొరుకుతాయి, కానీ సర్వోలు మాత్రం నమ్మకమైన చోట బిల్లుతో కొనండి. సర్వో జాయింట్‌లో వెంట్రుకవాసి వదులున్నా, గంటకు 200 కిలోమీటర్ల వేగంలో ఎయిలరాన్ (రెక్క వెనుక అంచున కదిలే పలక) అదరడం మొదలై, రెప్పపాటులో రెక్కను చీల్చేస్తుంది. దీన్నే ఫ్లట్టర్ అంటారు, దానికి రెండో అవకాశం ఉండదు.

దేహం పూర్తయ్యాక బరువు పరీక్ష. విమానాన్ని వెల్లకిలా తిప్పి, మధ్యభాగాన్ని స్టాండు మీద ఆనించి, రెక్కల మీద ఇసుక సంచులు పేర్చాలి. లిఫ్ట్ పైకి లాగుతుంది కనుక తిప్పి పేర్చిన బరువు దానికి బదులుగా నిలుస్తుంది. మేము 6 జీ, అంటే మామూలు బరువుకు ఆరు రెట్లు, పరిమితి పెట్టుకున్నాం. రెక్కల సొంత బరువు 2 కిలోలు తీసేస్తే, మిగిలిన 8 కిలోలకు ఆరు రెట్లు, మొత్తం 48 కిలోలు రెండు రెక్కలూ మోయాలి. విమాన రంగంలో వాడుక ప్రకారం దానికి ఒకటిన్నర రెట్లు, 72 కిలోల దాకా, విరగకుండా నిలవాలి. సంచులు కిలో చొప్పున కట్టించి, రెక్క మొదలు దగ్గర ఎక్కువ, కొసకు పోయేకొద్దీ తక్కువ పడేలా పంచాలి. మా మొదటి రెక్క 44వ సంచి దగ్గర టిక్కుమంది. పైకి పగులేమీ కనిపించలేదు, రెక్క కొస కొలబద్ద మీద ఉన్నచోటే ఉంది. సంచులు దించి, టార్చి వేసి లోపలికి చూస్తే, చక్రం కాలు బిగించిన దిమ్మె దగ్గర జిగురు గీత తెల్లగా పొడిబారి విడిపోయి కనిపించింది. ఆ జిగురు కలిపింది నేనే, గట్టిపరిచే ద్రవం తూకం వేయకుండా కంటి అంచనాతో పోశాను. ఆ శబ్దం షెడ్డులో వినిపించబట్టి సరిపోయింది, ఆకాశంలో ఎవరు వింటారు? అప్పటినుంచి జిగురు కలిపే చోట గ్రాముల త్రాసు లేకుండా డబ్బా మూత తీయనివ్వడం లేదు.

ఎలక్ట్రిక్ ఫ్యాన్‌తో ఆటోపైలట్‌ను నేర్పడం

రెండో నమూనా ఇదే దేహం, కానీ టర్బైన్ స్థానంలో ఎలక్ట్రిక్ డక్టెడ్ ఫ్యాన్ (గొట్టంలో తిరిగే ఫ్యాన్). 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, 12 సెల్లుల బ్యాటరీతో మూడు నిమిషాలకు మించి ఎగరలేరు, అయినా అది చాలు. నిప్పు లేదు, వేడి లేదు, ట్యాంకు లేదు. పాడైతే పోయేది ఫ్యాన్ ఒక్కటే. బ్యాటరీని ట్యాంకు ఉండవలసిన చోటే పెట్టి, మొత్తం బరువు పది కిలోలు ఉండేలా చూసుకోవాలి.

ఆటోపైలట్‌కు పిక్స్‌హాక్ తరహా బోర్డు మీద ఆర్డూపైలట్ అనే సాఫ్ట్‌వేర్ నడిపిస్తే, పుస్తకాలూ అనుభవజ్ఞులూ పుష్కలంగా దొరుకుతారు. మొదట మామూలు రిమోట్‌తో ఎగరాలి, ఆ తర్వాత ఆటోపైలట్ నిలకడ చూసుకునే మోడ్, అది కుదిరాక ఆటోట్యూన్ (ఆటోపైలట్ తన సర్దుబాట్లు తానే చేసుకోవడం), ఆ తర్వాతే దారి బిందువుల వెంట తనంతట తాను తిరగడం. ఒక మెట్టు మీద వరుసగా అయిదు సార్లు సవ్యంగా దిగనిదే తర్వాతి మెట్టు ఎక్కకూడదని మా నియమం.

టర్బైన్‌కూ ఎలక్ట్రిక్ మోటారుకూ ఉన్న పెద్ద తేడా బద్ధకం. మోటారు చెప్పిన వెంటనే అందుకుంటుంది, టర్బైన్ ఐడిల్ (కనిష్ఠ వేగం) నుంచి పూర్తి బలానికి రావడానికి మూడు నుంచి అయిదు సెకన్లు తీసుకుంటుంది. దిగుతూ దిగుతూ వేగం తగ్గిందని అప్పుడు థ్రాటిల్ పెంచితే, బలం వచ్చేసరికి విమానం నేల మీద ఉంటుంది. అందుకని ఆర్డూపైలట్‌లో థ్రాటిల్ స్లూ రేట్‌ను, అంటే థ్రాటిల్ మారే వేగాన్ని, సెకనుకు 25 శాతానికి కట్టేయండి. అప్పుడు ఆటోపైలట్ థ్రాటిల్‌ను నడిపే మోడ్‌లలో ఎలక్ట్రిక్ ఫ్యాన్ కూడా నాలుగు సెకన్లు నాన్చుతుంది. ఆటోపైలట్ లెక్కలకు జెట్ బద్ధకం ముందే అలవాటవుతుంది.

గాలి వేగం కొలిచే పిటో గొట్టానికి వాడని సమయంలో మూత పెట్టండి. షెడ్డులో రెండు రాత్రులు మూత లేకుండా వదిలితే కందిరీగ దానిలో మట్టి గూడు కట్టింది. ఎగిరే ముందు గొట్టంలోకి నోటితో మెల్లగా ఊది, తెర మీద అంకె కదులుతోందా లేదా అని చూసే అలవాటు ఉండబట్టి దొరికిపోయింది.

చివరగా టర్బైన్

ఇంజన్‌ను విమానంలో పెట్టే ముందు బల్ల మీద బిగించి, లోడ్ సెల్‌తో థ్రస్ట్ కొలవాలి. లెక్క ప్రకారం ఎనిమిదిన్నర కిలోలు రావాలి, వచ్చిందా లేదా రాసుకోవాలి. ఇంధనం విమాన కిరోసిన్, అందులో తయారీదారు చెప్పిన పాళ్ళలో, సాధారణంగా 3 నుంచి 5 శాతం, టర్బైన్ ఆయిల్ కలపాలి. బేరింగులకు వేరే నూనె ఉండదు కనుక ఈ కలపడం మరిచిన రోజు ఇంజన్ ఆఖరి రోజు. మంటలార్పే సిలిండర్ కార్బన్ డయాక్సైడ్‌దే కావాలి, పొడి చల్లే రకం మంటతో పాటు ఇంజన్‌నూ ఆర్పేస్తుంది. చెవులకు కప్పులు పెట్టుకోవాలి, వెనుక వైపు గానీ, టర్బైన్ చక్రం తిరిగే తలంలో, అంటే ఇంజన్‌కు పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు. స్టార్ట్ కాకుండా ఆగిపోతే లోపల మిగిలిన ఇంధనాన్ని విమానాన్ని వంచి పూర్తిగా ఒంపేశాకే మళ్ళీ ప్రయత్నించాలి, లేదంటే రెండోసారి తోక నుంచి బారెడు మంట వస్తుంది.

విమానంలో బిగించాక కళ్ళు పెట్టవలసింది ఇంధన గొట్టం మీద. ట్యాంకుకూ పంపుకూ మధ్య గాలిని పట్టి ఆపే చిన్న ట్యాంకు తప్పనిసరిగా ఉండాలి. మా మొదటి పరుగు రోజున, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా, పారదర్శకంగా ఉన్న గొట్టంలో జొన్నగింజంత బుడగ ఒకటి మెల్లగా పంపు వైపు జారడం మా బృందంలోని మదనపల్లె అమ్మాయి చూసి, చెయ్యెత్తి "ఆపండి సార్" అంది. స్విచ్చు దాకా నా చెయ్యి వెళ్ళేలోపే బుడగ లోపలికి పోయింది, ఇంజన్ దగ్గినట్టు ఒక శబ్దం చేసి ఆరిపోయింది. విప్పి చూస్తే గొట్టాన్ని కలిపే ఒక ముక్క దగ్గర బిగింపు తీగ లేదు. అది గాలిలో జరిగి ఉంటే, ఇంజన్ లేని పది కిలోల విమానం ఎవరి చేను మీదకో దిగేది.

రిమోట్ సిగ్నల్ తెగితే ఏం కావాలన్నది రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. మా నియమం ప్రకారం రెండు సెకన్లు సిగ్నల్ లేకపోతే ఇంధనం ఆగిపోతుంది. ఐడిల్‌లో ఉంచితే చాలదు, ఎందుకంటే పడిన చోట మండుతున్న ఇంజన్ ఉండకూడదు. విమానం పట్టీ మీద నిలబడి ఉండగా రిమోట్‌ను నిజంగా ఆఫ్ చేసి ఇది పనిచేస్తోందని ప్రతి ఉదయం చూడాలి.

నేల మీద పరుగులు రెండు రోజులు చేయాలి: నెమ్మదిగా, తర్వాత ముక్కు చక్రం తేలికయ్యేంత వేగంతో, బ్రేకులు రెండూ సమానంగా పట్టేదాకా. మొదటి ఎగిరే రోజున గాలి లేని ఉదయం ఏడు గంటలే మేలు, చల్లటి గాలి చిక్కగా కూడా ఉంటుంది. చక్రాలు ముడవవద్దు, ఆటోపైలట్‌కు అప్పగించవద్దు. రెండు చుట్లు తిప్పి, ట్యాంకులో సగం ఉండగానే దించేయాలి. సగటున నిమిషానికి 250 మిల్లీలీటర్ల లెక్కన ఆరు నిమిషాలకు లీటరున్నర పోతుంది, నేల మీద తిరగడానికీ అత్యవసరానికీ మిగతాది ఉండాలి; మొదటిసారికి టైమర్ నాలుగు నిమిషాలకే పెట్టండి.

దిగి ఆగాక ఎవరూ పరుగెత్తుకు వెళ్ళి విమానాన్ని ముట్టుకోకూడదు. ఇంజన్ ఆగిన తర్వాత కూడా దాని స్టార్టర్ మోటారు ఆగి ఆగి తిప్పుతూ లోపలి వేడిని బయటికి తోసేస్తుంది. ఆ శబ్దం పూర్తిగా ఆగి, ఉష్ణోగ్రత వంద డిగ్రీల దిగువకు వచ్చేదాకా బ్యాటరీ పీకవద్దు. అప్పుడు పొగగొట్టం చుట్టూ పైపొర రంగు మారిందేమో, సర్వోల కడ్డీలు వదులయ్యాయేమో చూసి, మిగిలిన ఇంధనాన్ని కొలత జాడీలోకి ఒంపి, మిల్లీలీటర్లలో రాసుకోవాలి. రెండోసారి టైమర్ ఎన్ని నిమిషాలకు పెట్టాలో ఆ అంకె చూసే నిర్ణయించాలి.